జవాబు తప్పని పిల్లలు చెబితే వినే ఏర్పాటు ఉండాలి

సంపాదకుల వారికి,

అయ్యా,

పాఠశాల విద్యార్థులకు నిర్వహించే క్విజ్ పోటీల్లో నిర్వాహకుల చేతిలో ఉన్న జవాబే తప్పయినప్పుడు ఏం చేయాలన్న విషయమై ఈ లేఖ రాస్తున్నాను. నేను ముప్పై ఒక్క ఏళ్లు సాంఘిక శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. అందులో చాలా ఏళ్లు మండల, డివిజన్ స్థాయి పోటీలకు ప్రశ్నలు తయారు చేశాను, మైకు పట్టుకుని క్విజ్ మాస్టరుగానూ నిలబడ్డాను. బల్లకు అటువైపు కూర్చున్నవారి ఇబ్బందులు నాకు బాగానే తెలుసు.

ఇటీవల ఒక డివిజన్ స్థాయి పోటీకి మా ఊరి ఉన్నత పాఠశాల జట్టుకు తోడుగా వెళ్లాను. చివరిదైన బజర్ రౌండు వచ్చేసరికి మా పిల్లలు మొదటి స్థానంలో ఉన్న జట్టు కంటే ఐదు మార్కులు వెనకబడి ఉన్నారు. సరైన జవాబుకు పది మార్కులు, తప్పు జవాబుకు ఐదు కోత. ‘దేశంలో రెండవ అతి పొడవైన సముద్రతీరం గల రాష్ట్రం...’ అని క్విజ్ మాస్టరు ఇంకా పూర్తి చేయకముందే మా జట్టులోని తొమ్మిదో తరగతి అమ్మాయి బజరు నొక్కి ‘తమిళనాడు’ అంది. తప్పన్నారు. ప్రశ్న మొదటి స్థానంలో ఉన్న పక్క జట్టుకు వెళ్లింది. వాళ్లు ‘ఆంధ్రప్రదేశ్’ అనగానే హాలంతా చప్పట్లు కొట్టింది, వాళ్లకు పది మార్కులు పడ్డాయి. అమ్మాయి లేచి నిలబడి, ‘సార్, కొత్త కొలతల్లో మారింది సార్’ అంది. ‘మా షీట్‌లో ఆంధ్రప్రదేశ్ అనే ఉందమ్మా, కూర్చో’ అన్నారాయన. ఆయన గొంతులో కోపం లేదు, మిగిలిన ప్రశ్నలు ముగించాలన్న తొందర మాత్రం ఉంది. ఆ పిల్ల ఇంకేదో చెప్పబోతుంటే పక్కనున్న స్నేహితురాలు చున్నీ పట్టుకుని కిందికి లాగింది. పోటీ ముగిశాక నేను వెళ్లి అడిగితే, కరపత్రంలో అడుగున ఉన్న ‘క్విజ్ మాస్టర్ నిర్ణయమే తుది నిర్ణయం’ అన్న వాక్యాన్ని వేలితో చూపించారు.

మా జట్టు పది మార్కుల తేడాతో ఓడిపోయింది. ఆ ఒక్క జవాబును ఒప్పుకొని ఉంటే మాకు పడిన ఐదు మార్కుల కోత పది మార్కుల రాబడి అయ్యేది, అవతలి జట్టుకు ఆ పది వచ్చేవి కావు. అంటే లెక్క ఇరవై ఐదు మార్కులు ఇటు తిరిగి, మా పిల్లలు పదిహేను మార్కుల ఆధిక్యంతో గెలిచి ఉండేవారు.

అమ్మాయి చెప్పిందే సరైన జవాబు. 1970లలో కట్టిన లెక్క ప్రకారం మన దేశ తీరరేఖ పొడవు 7,516.6 కిలోమీటర్లు. రాష్ట్రాల్లో గుజరాత్ 1,214.7, ఆంధ్రప్రదేశ్ 973.7, తమిళనాడు 906.9 కిలోమీటర్లతో వరుసగా మొదటి మూడు స్థానాల్లో ఉండేవి. మా తరం ఉపాధ్యాయులమంతా 974 అన్న అంకెను ఎక్కంలా పిల్లల చేత వల్లె వేయించినవాళ్లమే. అయితే తీరాన్ని మళ్లీ కొలిచారు. ఆ కొత్త అంకెలను కేంద్ర హోం శాఖ 2023-24 వార్షిక నివేదికలో ప్రకటించింది. వాటి ప్రకారం దేశ తీరరేఖ 11,098.81 కిలోమీటర్లు. గుజరాత్ 2,340.62 కిలోమీటర్లతో మొదటి స్థానంలోనే ఉంది. తమిళనాడు 1,068.69 కిలోమీటర్లకు పెరిగి రెండో స్థానానికి వచ్చింది. మనది 1,053.07 కిలోమీటర్లకు పెరిగినా పదిహేను కిలోమీటర్ల పైచిలుకు తేడాతో మూడో స్థానానికి దిగింది.

ఈ మార్పు ఎలా వచ్చిందో తెలిస్తే ఇది అచ్చుతప్పో, ఎవరో పుట్టించిన వార్తో కాదని ఎవరైనా ఒప్పుకుంటారు. సముద్రం ముందుకు రాలేదు, నేల సాగలేదు, కొలిచే తీరు మారింది. పాత లెక్కకు వాడిన పటం స్కేలు 1:45,00,000. అంత చిన్న పటంలో ఏటిమొగలు, ఉప్పుటేరులు, తీరం లోపలికి చొచ్చుకుపోయిన మలుపులు అన్నీ ఒక్క గీతలో కలిసిపోతాయి. కొత్త లెక్క 1:2,50,000 స్కేలు మీద కట్టారు. వంకర టింకరగా ఉన్న పొలం గట్టును మోకుతో కొలిస్తే ఒక పొడవు వస్తుంది, అదే గట్టును జానతో కొలుచుకుంటూ పోతే అంతకంటే ఎక్కువ వస్తుంది. తీరం సంగతీ అంతే, కొలబద్ద చిన్నదయ్యేకొద్దీ పొడవు పెరుగుతుంది. సుందర్‌బన్ల పాయలున్న పశ్చిమ బెంగాల్ తీరం 157.5 నుంచి 721.02 కిలోమీటర్లకు ఎగబాకింది అందుకే. సముద్రానికి సైకిలు మీద వెళ్లగలిగే ఊళ్లో పెరిగిన పిల్ల, సొంత రాష్ట్రానికి రెండో స్థానం పోయిందని నిండు సభలో మొహమాటం లేకుండా చెప్పడం నాకు ముచ్చటగా అనిపించింది, అది వేరే సంగతి.

ఇక్కడ క్విజ్ మాస్టరు పక్షాన చెప్పదగిన మాట ఒకటి లేకపోలేదు. పిల్లలు చదివే పుస్తకాల్లో, బజారులో దొరికే జీకే గైడ్లలో పాత అంకె ఇంకా ఉండవచ్చు, పుస్తకంలో ఉన్నదే జవాబుగా తీసుకుంటామని ఆయన అనవచ్చు. ఆ మాట ముందే ప్రకటించి ఉంటే నేను ఇంత దూరం రాసేవాణ్ణి కాను. కానీ, పాత పుస్తకంలో ఉందన్న కారణం ఎంతవరకు చెల్లుతుందో 2024 నీట్ పరీక్షలో లక్షలాది కుటుంబాలు చూశాయి. పరమాణువుల గురించి అడిగిన ఒక భౌతికశాస్త్ర ప్రశ్నకు ఎన్‌సీఈఆర్‌టీ పాత పుస్తకం ప్రకారం ఒక జవాబు, కొత్త పుస్తకం ప్రకారం మరో జవాబు సరైనవయ్యాయి. పరీక్ష నిర్వహించిన సంస్థ రెండింటికీ మార్కులు వేసింది. వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. కోర్టు ఐఐటీ ఢిల్లీ నిపుణులు ముగ్గురిని పరిశీలించమంది, వారు నాలుగో ఐచ్ఛికం ఒక్కటే సరైనదని తేల్చారు. పాత పుస్తకాన్ని నమ్ముకుని రెండో ఐచ్ఛికం గుర్తించిన నాలుగు లక్షల మందికి పైగా అభ్యర్థులకు మార్కులు తగ్గాయి. మొదట పూర్తి మార్కులతో అగ్రస్థానంలో నిలిచినవారు 67 మంది కాగా, సవరించిన ఫలితాల్లో 17 మంది మిగిలారు. అంత పెద్ద పరీక్షలో ఒక ప్రశ్న కోసం ఫలితాలన్నీ తిరగరాయగలిగినప్పుడు, ఆరు జట్లున్న పోటీలో స్కోరు బోర్డు మీది సుద్ద అంకెను తుడిచి మళ్లీ రాయడం అసాధ్యమని ఎలా అనుకోగలం?

నీతులు చెప్పే ముందు నా తప్పు ఒప్పుకోవాలి. సుమారు పదేళ్ల కిందట ఒక పోటీలో ‘తొలి తెలుగు టాకీ ఏ సంవత్సరంలో విడుదలైంది?’ అని నేనే అడిగాను. ఒక కుర్రవాడు ‘1932’ అన్నాడు. నా చేతిలోని కాగితంలో ‘భక్త ప్రహ్లాద’, 1931 సెప్టెంబరు 15 అని ఉంది. అది నేను చిన్నప్పటి నుంచి చదివిన తేదీ, నా విద్యార్థులకు చెప్పిన తేదీ. ‘తప్పు’ అని తర్వాతి జట్టు వైపు తిరిగాను. కుర్రవాడు మా జట్టు అమ్మాయిలా లేచి వాదించలేదు కూడా, తల వంచుకుని ముందున్న కాగితం మీద ఏదో గీసుకుంటూ కూర్చున్నాడు. కొన్ని నెలల తర్వాత సినీ పాత్రికేయులు రెంటాల జయదేవ గారి పరిశోధన వివరాలు చదివాను. ఆ చిత్రానికి సెన్సార్ సర్టిఫికెట్ వచ్చిందే 1932 జనవరి 22న అనీ, అది బొంబాయి కృష్ణా సినిమాలో 1932 ఫిబ్రవరి 6న విడుదలైందనీ ఆయన ఆధారాలతో చూపించారు. తర్వాత చిత్ర పరిశ్రమలోనివారూ ఫిబ్రవరి 6ను తెలుగు సినిమా పుట్టినరోజుగా చెప్పుకోసాగారు.

ఇది ఒక్క తేదీతో పోయే విషయం కాదు. ‘భక్త ప్రహ్లాద’ దర్శకులు హెచ్.ఎం.రెడ్డి గారే తీసిన తమిళ టాకీ ‘కాళిదాస్’ 1931 అక్టోబరు 31న మద్రాసులో విడుదలైంది. పాత తేదీ నమ్మితే మన ప్రహ్లాదుడు దానికంటే ముందు వచ్చినట్లు, కొత్త తేదీ ప్రకారం వెనక వచ్చినట్లు. అంటే ‘దక్షిణాదిలో తొలి టాకీ ఏది?’ అన్న మరో ప్రశ్నకు నేను ఎన్ని పోటీల్లో తప్పు జవాబుకు మార్కులు వేశానో! ఆ కుర్రవాడి పేరు నాకు గుర్తు లేదు. వాళ్ల బల్ల ముందు అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో రాసిన ‘డి’ అన్న జట్టు గుర్తు మాత్రం ఇప్పటికీ కళ్ల ముందు ఉంది.

ప్రశ్నలు రాసేవాళ్లం జవాబు దగ్గరకంటే ప్రశ్న దగ్గరే ఎక్కువ తప్పులు చేస్తామని నా అనుభవం. ‘రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి ఎవరు?’ అని మాటామంతీగా అడిగేస్తాం. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికైతే టంగుటూరి ప్రకాశం పంతులు గారు, 1956 నవంబరు 1న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్‌కైతే నీలం సంజీవరెడ్డి గారు. హైదరాబాద్ రాష్ట్రం సంగతి ఎత్తితే, 1952 ఎన్నికల తర్వాత వచ్చిన బూర్గుల రామకృష్ణారావు గారిని చెప్పాలా, అంతకుముందు నియమితులైన వెల్లోడి గారిని చెప్పాలా అన్న పేచీ వస్తుంది. ‘భాషా ప్రాతిపదికన ఏర్పడిన తొలి రాష్ట్రం’ అన్నదీ అలాంటిదే. ‘స్వాతంత్ర్యం తర్వాత’ అన్న మాట చేర్చకపోతే, 1936 ఏప్రిల్ 1న బ్రిటిషు పాలనలోనే ఏర్పడిన ఒడిశాను చెప్పిన విద్యార్థిని తప్పు పట్టడం కష్టం. ఆ మాట చేర్చినా, జవాబు ‘ఆంధ్ర రాష్ట్రం’ అవుతుంది కానీ చాలా షీట్లలో ఉన్నట్లు ‘ఆంధ్రప్రదేశ్’ కాదు. మాతృభాషగా మాట్లాడేవారి సంఖ్యను బట్టి దేశంలో తెలుగు స్థానం 2001 జనగణనలో మూడు, 2011 జనగణనలో మరాఠీ ముందుకు వెళ్లడంతో నాలుగు. ఏ జనగణనో చెప్పకుండా అడిగితే రెండు జవాబులూ ఒప్పే అవుతాయి. జాతీయ క్రీడ హాకీ అన్న జవాబుకైతే మార్కులు వేయడమే మానుకోవాలి. ఏ క్రీడనూ అలా ప్రకటించలేదని కేంద్ర క్రీడల శాఖే 2012లో సమాచార హక్కు దరఖాస్తుకు జవాబిచ్చింది.

పొట్టి శ్రీరాములు గారి నిరాహార దీక్ష ఎన్ని రోజులన్న ప్రశ్న మీద రెండు జట్ల ఉపాధ్యాయులు చెరో గైడూ తెరిచి పట్టుకుని గొడవపడటం నేను చూశాను. ఒకదానిలో 56, ఇంకొకదానిలో 58. నిజానికి గైడ్లతో పనే లేదు. దీక్ష 1952 అక్టోబరు 19న మొదలైంది, ఆయన డిసెంబరు 15 రాత్రి అమరులయ్యారు. అక్టోబరులో పదమూడు రోజులు, నవంబరులో ముప్పై, డిసెంబరులో పదిహేను, వెరసి యాభై ఎనిమిది. రెండు వేళ్ల మీద తేలే లెక్కను వదిలేసి, ఏ ప్రచురణ సంస్థ పుస్తకం గొప్పదన్న వాదనతో ఆ రోజు అరగంట గడిచింది. మైకు అలాగే కుయ్యిమంటూ ఉంది, పిల్లలు బిస్కెట్ ప్యాకెట్లు విప్పుకున్నారు.

ఆ అరగంటను తలచుకుంటే, అభ్యంతరాలకు తలుపు తెరిస్తే పోటీ సాగదన్న నిర్వాహకుల భయం అర్థం లేనిదని నేను అనలేను. ఓటమిని ఒప్పుకోలేక ప్రతి ప్రశ్నకూ అడ్డుపడే పెద్దలు ఉంటారు. వాళ్లను చూసి పిల్లలూ నేర్చుకుంటారు. అందుకే అభ్యంతరం చెప్పినవారి మీదే రుజువు భారం ఉండాలి. 1983లో కాన్పూర్ విశ్వవిద్యాలయం కేసులో సుప్రీంకోర్టు చెప్పినదీ ఇదే. కీలో ఇచ్చిన జవాబును, అది తప్పని రుజువయ్యేంతవరకు సరైనదిగానే భావించాలి. ఊహలతో, తర్కాన్ని సాగదీసి దాన్ని తప్పనకూడదు. అయితే ఆ కేసులో తప్పు రుజువైంది కాబట్టి కోర్టు విద్యార్థుల పక్షానే తీర్పు ఇచ్చింది. నిర్వాహకులు మొదటి సగం మాత్రం గుర్తుపెట్టుకుని రెండో సగం మరిచిపోతే ఎలా?

అమెరికాలోని మన కుటుంబాలు ఏటా ఆసక్తిగా చూసే స్క్రిప్స్ నేషనల్ స్పెల్లింగ్ బీ అనే ఇంగ్లిషు స్పెల్లింగుల పోటీ సంగతి చెబుతాను. 2022 ఫైనల్లో హరిణి లోగన్ అనే విద్యార్థినిని ‘పుల్యులేషన్’ అన్న మాటకు అర్థం అడిగారు. నిర్వాహకుల జవాబు తేనెటీగలు గుంపుగా మూగడం. హరిణి పక్షులు గూళ్లు కట్టుకోవడానికి సంబంధించిన అర్థాన్ని ఎంచుకుంది. గంట మోగింది, ఆమె వేదిక దిగిపోయింది. ఆ తర్వాత న్యాయనిర్ణేతలు మళ్లీ పరిశీలించి, ఆమె ఎంచుకున్న అర్థాన్నీ ఒప్పుకోవచ్చని తేల్చి, వెనక్కి పిలిచారు. ఆమే చివరికి విజేతను తేల్చే తొంభై సెకన్ల స్పెల్-ఆఫ్‌లో 21 మాటల స్పెల్లింగు సరిగ్గా చెప్పి విజేతగా నిలిచింది. టీవీలో దేశమంతా చూస్తుండగా తమ తీర్పును తామే దిద్దుకున్నందుకు ఆ న్యాయనిర్ణేతల గౌరవం ఏమీ తగ్గలేదు. నా వరకు చెప్పాలంటే పెరిగింది.

మన పోటీలకు అంత హంగు అక్కర్లేదు. ప్రశ్న రాసినప్పుడే జవాబు పక్కన అది ఎక్కడి నుంచి తీసుకున్నదీ, ఏ సంవత్సరం నాటి సమాచారమో రెండు ముక్కల్లో రాసి పెట్టుకుంటే సగం గొడవలు పుట్టవు. రాసేవాడికే తెలిసిపోతుంది, వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్ తప్ప తన దగ్గర మరో ఆధారం లేదని. అభ్యంతరాన్ని జట్టు నాయకుడు మాత్రమే, ఒక చీటీ మీద రాసి, ఆ రౌండు ముగిసేలోగా ఇవ్వాలని నిబంధన పెట్టవచ్చు. వెంట వచ్చిన ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు ఆ అవకాశం ఇవ్వకూడదు, నాలాంటి వాళ్లకైతే అసలే ఇవ్వకూడదు. చీటీ తీసుకుని పోటీని ఆపకుండా నడిపించుకోవచ్చు. అమెరికా కళాశాలల క్విజ్ పోటీల్లో ఇలాంటి అభ్యంతరాలను రాసి ఉంచుకుని, ఆట ఫలితం వాటి మీద ఆధారపడినప్పుడే తేలుస్తారు. తీర్పు చెప్పేది ప్రశ్న రాసినవారు కాకూడదు. వేదిక దగ్గర ఎలాగూ ఇద్దరు ముగ్గురు సబ్జెక్టు ఉపాధ్యాయులు ముఖ్య అతిథి పక్కన ఖాళీగానే కూర్చుని ఉంటారు, ఒక ఫోను ఇచ్చి ఆ పని వారికి అప్పగిస్తే సరిపోతుంది. ఎటూ తేలకపోతే ఆ ప్రశ్నకు పడిన మార్కులు, కోతలు రద్దు చేసి సంబంధిత జట్లకు వేరే ప్రశ్న వేయాలి. పాత జవాబు చెప్పి మార్కులు పొందిన జట్టును కూడా చిన్నబుచ్చకూడదు, వాళ్లు తమకు నేర్పినదే చెప్పారు. జేఈఈ మెయిన్‌లో ప్రశ్నకు 200 రూపాయల చొప్పున తీసుకున్నట్లు ఇక్కడ రుసుము పెట్టాలన్న సలహా ఒక మిత్రుడు ఇచ్చాడు. బస్సు చార్జీలకే చందాలు వేసుకుని వచ్చే బడి పిల్లల దగ్గర ఆ ఆలోచనే వద్దు.

కరపత్రంలో ‘క్విజ్ మాస్టర్ నిర్ణయమే తుది నిర్ణయం’ అన్న వాక్యాన్ని తీసేయమని నేను అనడం లేదు. ఎక్కడో ఒకచోట నిర్ణయం తుదికి రావాల్సిందే. విన్న తర్వాత తుది నిర్ణయం చెప్పమంటున్నాను.

మా పాఠశాలకు ఆ షీల్డు తెచ్చి ఇమ్మని అడగడం కూడా నా ఉద్దేశం కాదు. గెలిచిన పిల్లలు దాన్ని ఎత్తుకుని ఫొటోలు దిగారు, అది వాళ్ల దగ్గరే ఉండనివ్వండి. హోం శాఖ నివేదికలోని ఆ పట్టిక ప్రతిని నిర్వాహకులకు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ఇంకా బదులు రాలేదు. అదే ప్రశ్నల షీటును మరో రెండు డివిజన్లలో జరగబోయే పోటీలకు వాడుతున్నారని మా పాఠశాల వారు చెబుతున్నారు. మీ పత్రిక ద్వారా ఈ లేఖ వారి కంట పడితే, ఆ పోటీల్లోపే సముద్రతీరం ప్రశ్నకు ఎదురుగా ఉన్న జవాబును దిద్దుకోవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు,
బాపట్ల జిల్లా